నీళ్ళు తీశాక కొట్టుకి ఏం వస్తుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే సంగతి. గోదారి ఎర్రనీళ్ళు తగ్గాయి, ఇంటికని ఇచ్చే సాయం ఎంతో కొంత అందింది, మరి కొట్టు మాటేంటి, మగ్గం మాటేంటి, పీచు మిల్లు మాటేంటి అని. అందుకే ఈసారి పంటల ప్రశ్నలు, పాస్‌బుక్ ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి, శీర్షిక మొత్తం చిన్న వ్యాపారాలకే ఇచ్చేశాను. రాసినవాళ్ళ పేర్లు వేయడం లేదు, ఊరి పేర్లు కూడా వీలైనంత వరకు తీసేశాను. చాలామంది అప్పుల వివరాలు ఉన్నవి ఉన్నట్టు రాశారు, అవి పదిమందికీ తెలియాల్సిన పని లేదు.

ప్రశ్న: మాది పి.గన్నవరం మండలంలో ఒక లంక ఊరు. ఇంటి ముందు గదిలో పన్నెండేళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఈసారి కొట్లో మోకాళ్ళ పైదాకా నీళ్ళు వచ్చి మూడు రోజులు ఉన్నాయి. బియ్యం, పప్పులు, పంచదార, సబ్బులు, ఫ్రిజ్ అన్నీ పోయాయి. లెక్కేస్తే లక్షా నలభై వేలు. ఇంటికని బియ్యం, కందిపప్పు, కొంత డబ్బు ఇచ్చారు. కొట్టుకి ఏమన్నా వస్తుందా అని గ్రామ సచివాలయంలో అడిగితే దానికి కాలమ్ లేదమ్మా అన్నారు. నిజంగానే లేదా, నన్ను తిప్పి పంపేశారా?

అమ్మా, మీకు చెప్పినది అబద్ధం కాదు. కానీ అది సగం నిజం, మిగతా సగం కూడా చెప్పి ఉంటే మీరు ఈపాటికి ఒక అర్జీ ఇచ్చి ఉండేవారు.

వరద సాయం ముఖ్యంగా వచ్చేది కేంద్రం, రాష్ట్రం కలిసి పెట్టే రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి. దేనికి ఎంత ఇవ్వాలో దానికి ఒక పట్టిక ఉంది. 2022 నుంచి 2026 మార్చి వరకు వేసిన పట్టికలో మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిపోయిన ఇంటికి 1,20,000 రూపాయలు, పాడి గేదె చనిపోతే 37,500, పూర్తిగా పోయిన పడవకి 15,000, పోయిన వలకి 4,000 అని ఉన్నాయి. కొట్లో తడిసిన సరుకు అనే వరసే లేదు. నాకు దీని మీద చాలా కాలంగా బాధ ఉంది, ఆ మాట రాయకుండా ఉండలేను. లంకలో కొట్టు అంటే అది ఒక్క ఇంటి బతుకు కాదు. నీళ్ళు తీసిన మర్నాడు కూలి పనులు ఉండవు, చేతిలో డబ్బు ఉండదు, ఊరంతా అరువుకి వచ్చేది ఆ కొట్టుకే. అది మూతపడితే పావుకిలో చింతపండు కావాలన్నా పడవెక్కి రేవు దాటాలి. గేదెకి వరస ఉన్నప్పుడు కొట్టుకి కూడా ఉండాలి.

ఇక వాళ్ళు చెప్పని సగం. పట్టికలో లేనివాటికి రాష్ట్ర ప్రభుత్వం విడిగా ప్యాకేజీ ప్రకటించవచ్చు, ప్రకటించింది కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు చిన్న దుకాణాలకి 25,000 రూపాయలు, నమోదైన చిన్న పరిశ్రమలకి టర్నోవరును బట్టి 50,000 నుంచి లక్షన్నర దాకా ప్రకటించారు. అక్కడ కాలమ్ పుట్టింది కదా! మనకి ఎప్పుడు పుడుతుందో ముందే తెలియదు, కానీ పుట్టిన రోజున వాళ్ళు చూసేది నష్టాల లెక్కింపులో పేరు ఉందా లేదా అన్న ఒక్కటే. కాలమ్ లేదన్నారని మీరు ఊరుకుంటే రేపు కాలమ్ వచ్చినా మీ పేరు ఉండదు.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. 1996 నవంబరు 6 తుపానుకి మా నాన్నగారి కొబ్బరి కొట్టు కప్పు లేచిపోయింది. ఎన్యూమరేషన్‌కి వచ్చిన రోజున ఆయన మా మేనత్త వాళ్ళు బతికున్నారో లేదో చూడ్డానికి వెళ్ళారు, తిరిగొచ్చేసరికి లిస్టు పంపేశారు. రెండేళ్ళు తిరిగారు. పేరు ఎక్కలేదు.

కాబట్టి ఈ వారమే ఒక తెల్ల కాగితం మీద అర్జీ రాయండి. కొట్టు ఎన్నేళ్ళ నుంచి ఉంది, నీళ్ళు ఏ తేదీన వచ్చి ఏ తేదీన తీశాయి, ఎంత ఎత్తు వచ్చాయి, ఏ సరుకు ఎంత పోయింది, అంతే. రెండు కాపీలు రాయండి. ఒకటి వీఆర్వో గారికో తహసీల్దార్ ఆఫీసులోనో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టు కాదు. మేం తీసుకోం అంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, అక్కడ నంబరు ఇస్తారు.

రుజువు అంటే పెద్ద కాగితాలేం అక్కర్లేదు. గోడ మీద నీటి చార ఇంకా ఉందా? సున్నం వేయకముందే చార పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. తడిసిన బస్తాలు పారేసి ఉంటారు, కుళ్ళిన కందిపప్పు కంపు ఇంట్లో ఎవరు భరిస్తారు, కానీ ఫ్రిజ్ అలాగే ఉంచండి. సరుకు వేసే హోల్‌సేల్ వాళ్ళ దగ్గర గత మూడు నాలుగు నెలల బిల్లులు మళ్ళీ అడిగితే ఇస్తారు. ఫోన్‌పే తీసుకుంటుంటే ఆ స్టేట్‌మెంట్ కూడా. నేను బ్యాంకులో పనిచేసే రోజుల్లో ఒకావిడ అరువు పుస్తకం పట్టుకొచ్చారు. వరదలో నానిపోయిన పుస్తకం, ఒక్కో పేజీ మధ్య పాత పేపరు పెట్టి నాలుగు రోజులు నీడన ఆరబెట్టారట, ఒండ్రు వాసన వస్తోంది. సిరా పెన్నుతో రాసిన పేజీలు నీలంగా అలుక్కుపోయాయి, బాల్‌పెన్ను పేజీలు మాత్రం అక్షరం పోలేదు. ఎవరు ఎంత బాకీ, ఏ రోజు ఏం తీసుకెళ్ళారు, అన్నీ ఉన్నాయి. ఆ కొట్టుకి లైసెన్సు లేదు, బోర్డు లేదు, కానీ నెలకి ఎంత వ్యాపారం అవుతుందో ఆ పుస్తకం చూస్తే తెలిసిపోయింది, దాని ఆధారంగానే కొత్త అప్పు ఇచ్చాం. మీ పుస్తకం ఉంటే జాగ్రత్త చేయండి.

ఇంకొకటి, ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం చేసే నమోదు) నమోదు చేయించుకోండి. ఆధార్, పాన్ ఉంటే చాలు, రూపాయి ఖర్చు లేదు. జీఎస్టీ, పాన్ లేని బాగా చిన్న వ్యాపారాలకి ఉద్యమ్ అసిస్ట్ అని 2023 నుంచి వేరే దారి ఉంది, బ్యాంకు ద్వారా చేస్తారు. కిరాణా లాంటి చిల్లర వ్యాపారాన్ని ఉద్యమ్‌లోకి 2021లో తిరిగి తీసుకున్నారు, అయితే పరిశ్రమలకి ఉండే రాయితీలన్నీ రావు, బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం మాత్రమే వస్తుంది. అయినా కొట్టు ఉందని ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఒకటి చేతిలో ఉంటుంది. విజయవాడలో 25,000 దగ్గర ఆగినవాళ్ళకీ 50,000 అందుకున్నవాళ్ళకీ మధ్య తేడా ఈ నమోదు దగ్గరే మొదలైంది.

డ్వాక్రా అప్పు కూడా ఉంటే ఆ సంగతి మీ సంఘం మీటింగులో పెట్టండి. వాయిదాలు కొన్ని నెలలు వెనక్కి జరపమని తీర్మానం రాసి గ్రామ సమాఖ్య ద్వారా బ్యాంకుకి పంపాలి. మీరు ఒక్కరే వెళ్ళి అడిగితే కుదరదంటారు, సంఘం అడిగితే వింటారు.

ప్రశ్న: మేం బండారులంక దగ్గర నేతపని వాళ్ళం. మాది గుంట మగ్గం. వాన నీళ్ళు గుంటలోకి దిగి మగ్గం మీద ఉన్న పడుగు మొత్తం పాడైంది, పలకలు ఉబ్బిపోయాయి. మాకు కూడా కాలమ్ లేదా?

మీకు ఉంది అన్నయ్యా. పైన చెప్పిన పట్టికలోనే చేనేత, హస్తకళల వాళ్ళకి పాడైన పనిముట్లకి 5,000, పాడైన నూలు లేదా సగం నేసిన సరుకు లేదా నేసిన సరుకుకి ఇంకో 5,000 అని రెండు వేరువేరు వరసలు ఉన్నాయి. చాలామందికి ఒకటే రాసి పంపేస్తారు, రెండూ అడగండి. అర్జీ తహసీల్దార్‌తో పాటు జిల్లా చేనేత జౌళి శాఖ ఆఫీసుకి కూడా వెళ్ళాలి, నష్టాన్ని ధ్రువీకరించేది వాళ్ళే. నేతన్న గుర్తింపు కార్డు జిరాక్సు జత చేయండి. మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేస్తుంటే నూలు ఆయనది, మగ్గం మీది, అప్పుడు పనిముట్ల సాయం మీ పేరున రావాలి. ఈ విషయంలో మొహమాటపడకండి.

గుంటలో నీళ్ళు తోడేసే ముందు ఫోటో తీశారా? తీయకపోతే గుంట గోడకి పట్టిన తడి, ఉబ్బిన పలక, మరకలు పడ్డ పడుగు ఇప్పుడైనా తీసి పెట్టుకోండి.

ప్రశ్న: అంబాజీపేట వైపు మాది. కొబ్బరి పీచు యూనిట్ పెట్టాలనుకుంటున్నాను. ఒకాయన పీఎంఈజీపీలో (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) 35 శాతం గ్రాంటు ఇప్పిస్తానని, ముందు ప్రాజెక్టు ఖర్చులో పది శాతం తనకి ఇవ్వాలని అంటున్నాడు. పాతికలక్షల ప్రాజెక్టు పెడితే ఎనిమిది లక్షల డెబ్భై అయిదు వేలు ఫ్రీగా వస్తాయట. నమ్మొచ్చా?

తమ్ముడూ, పథకం నిజం, ఆ మనిషి చెప్పే తీరు మాత్రం నిజం కాదు.

పీఎంఈజీపీలో గ్రామీణ ప్రాంతంలో ఓసీ మగవాళ్ళకి ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగులు, మాజీ సైనికులకి 35 శాతం సబ్సిడీ. తయారీ యూనిట్ అయితే 50 లక్షల వరకు, సేవల యూనిట్ అయితే 20 లక్షల వరకు. కానీ ఇది చేతికిచ్చే డబ్బు కాదు. ముందు బ్యాంకు మీకు అప్పు ఇవ్వాలి, మీరు కూడా సొంతంగా 10 శాతం (35 శాతం వచ్చేవాళ్ళయితే 5 శాతం) పెట్టాలి. ఆ తర్వాత వచ్చిన సబ్సిడీని బ్యాంకు మీ పేరున మూడేళ్ళు డిపాజిట్‌గా పక్కన పెడుతుంది. యూనిట్ నడుస్తోందని వచ్చి చూసుకున్నాకే దాన్ని అప్పులో కలుపుతారు. మధ్యలో యూనిట్ మూతపడితే ఆ సబ్సిడీ వెనక్కి పోతుంది, అప్పు మొత్తం మీ నెత్తిన ఉంటుంది. మీ దగ్గర పది శాతం, అంటే రెండున్నర లక్షలు, ముందుగా తీసుకునే ఆయనకి మీ యూనిట్ మూడేళ్ళు నడిచినా నడవకపోయినా ఒకటే.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు, దానికి ఏజెంటు అక్కర్లేదు, ఫీజు లేదు. అమలు చేసేది ఖాదీ కమిషన్, ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం. పీచు అన్నారు కాబట్టి మీకు కాయిర్ బోర్డు కూడా ఉంది, దాని ప్రాంతీయ కార్యాలయం రాజమండ్రిలోనే. ఒక పూట పెట్టుకుని వెళ్ళండి. పీచు తీసే యంత్రానికి కరెంటు ఎంత కావాలి, కొబ్బరి డొక్కలు ఏడాది పొడవునా దొరుకుతాయా, ఈ ప్రశ్నలు వాళ్ళని అడగండి. పాతికలక్షలు అనే అంకె మీరు వేసుకున్నదా, ఆయన వేసిందా? సబ్సిడీ ఎక్కువ రావాలని ప్రాజెక్టు పెంచినవాళ్ళు వాయిదాలు కట్టలేక మిల్లు అమ్ముకోవడం నేను బ్రాంచిలో కూర్చుని చూశాను. ఎనిమిది లక్షల్లో అయ్యే పనికి ఎనిమిది లక్షలే పెట్టండి.

ఈ 25, 35 శాతం సబ్సిడీ కొత్త యూనిట్లకి మాత్రమే అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. వరదలో పాడైన పాత మిల్లు బాగుచేసుకోవడానికి పీఎంఈజీపీ రాదు.

ప్రశ్న: ఆత్రేయపురంలో మేం ఐదుగురం ఆడవాళ్ళం పూతరేకులు చేసి అమ్ముతాం. అందరం ఒకే డ్వాక్రా సంఘం. మాకు ఏదైనా సాయం ఉందా?

ఉందమ్మా. 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ అనే పథకం మీలాంటి చిన్న తిండి పదార్థాల తయారీదారుల కోసమే. ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌ని పెంచుకోవడానికి కూడా వస్తుంది, పీఎంఈజీపీలో 35 శాతం కొత్త యూనిట్లకే, దానికీ దీనికీ ఇదే పెద్ద తేడా. బ్యాంకు అప్పు మీద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ. సంఘంలో తిండి పదార్థాల పని చేసే సభ్యులకి ఒక్కొక్కరికి 40,000 చొప్పున మూలధనం కూడా ఉంది, ఇది సమాఖ్య ద్వారా అప్పు రూపంలో మీ చేతికి వస్తుంది, ముడిసరుకుకి, చిన్న పనిముట్లకి వాడుకోవచ్చు. దరఖాస్తు రాసిపెట్టడానికి జిల్లాకి రిసోర్స్ పర్సన్లు ఉంటారు, వాళ్ళకి ప్రభుత్వమే డబ్బిస్తుంది, మీరు ఇవ్వక్కర్లేదు. పథకానికి గడువులు ఉంటాయి కాబట్టి వెలుగు ఆఫీసులో (డ్వాక్రా సంఘాలని చూసే ఆఫీసు) ఏపీఎం గారిని అడిగి, ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కుని మొదలుపెట్టండి.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరు పెట్టె మీద వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అది కూడా చేయించుకోండి, కుండ ముందు పొగలో కూర్చుని రేకు తీసేది మీరైతే ఆ పేరు వాడుకునే హక్కు ముందు మీదే కావాలి.

ప్రశ్న: రాజోలులో వెల్డింగ్ షాపు. ముద్ర లోను మూడు లక్షలు, ఇంకా రెండు లక్షలు కట్టాలి. వరద వల్ల ఒక వాయిదా పోయింది, రెండోది కూడా పోయేలా ఉంది. బ్యాంకు నుంచి ఫోన్లు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ముద్ర మాఫీ అవుతుందని ఎవరో అన్నారు.

ముద్ర అప్పు, గ్రాంటు కాదు. మాఫీ అవుతుందని ఆగిపోకండి, ఇది చాలా ముఖ్యం. వాయిదా 90 రోజులు దాటిపోతే ఖాతా మొండి బకాయి కింద పడుతుంది, ఆ తర్వాత ఏ బ్యాంకుకి వెళ్ళినా ఆ మచ్చ కనిపిస్తుంది.

మీరు చేయాల్సింది ఆ 90 రోజుల లోపలే. విపత్తు వచ్చిన ప్రాంతాల్లో బ్యాంకులు అప్పు గడువు పెంచి, వాయిదాలకి కొంతకాలం విరామం ఇచ్చి, అవసరమైతే కొత్తగా పెట్టుబడి కూడా ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. ప్రభుత్వం మీ మండలాన్ని వరద బాధిత ప్రాంతంగా ప్రకటించి ఉండాలి, వరదకి ముందు మీ ఖాతా సక్రమంగా ఉండాలి. ఈ రెండో షరతు మీకు సరిపోతుంది, ఎందుకంటే పోయిన వాయిదా వరద తర్వాతదే. ఫోన్లో చెప్పకండి. కాగితం మీద రాసి మేనేజర్ గారికి ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఆయన కాదంటే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్ దగ్గరికి వెళ్ళండి.

ఇంకొకటి చూడండి. పాస్‌బుక్‌లో ఏడాదికోసారి ఇన్సూరెన్స్ అని కొంత డబ్బు కట్ అయి ఉంటుంది. సరుకు మీద, యంత్రాల మీద బ్యాంకే పాలసీ తీసుకుని ఉంటుంది, షాపు ఓనరుకి ఆ సంగతి తెలియదు. 2021 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని చిన్న వ్యాపారాలకి ఒక ప్రామాణిక పాలసీ ఉంది, అందులో తుపాను, వరద నష్టం కలిసే ఉంటుంది. పాలసీ కాపీ అడిగి తీసుకోండి. ఉంటే ఈ రోజే సమాచారం ఇవ్వండి, సర్వేయర్ వచ్చి చూసేదాకా తడిసిన మెషీన్లు రిపేరుకి పంపకండి.

రాత్రి నిద్ర పట్టనప్పుడు ఒక్కరే లెక్కలేసుకుంటూ కూర్చోకండి, ఇంట్లో చెప్పండి. నేను చూసినంతలో రెండు లక్షల అప్పుకి దారి దొరకని కుటుంబం లేదు.

ప్రశ్న: లిస్టులో మా ఆయన పేరు ఉంది. సక్సెస్ అని కూడా ఉంది. పక్కింటివాళ్ళకి డబ్బు పడింది, మాకు పడలేదు. ఎవరో తినేశారా?

అలా అనుకునే ముందు ఒకటి చూడండమ్మా. ప్రభుత్వం వేసే డబ్బు చాలాసార్లు మీరు ఇచ్చిన పాస్‌బుక్‌కి కాకుండా, ఆధార్‌కి చివరగా ఏ బ్యాంకు ఖాతా ముడిపడి ఉందో దానికి పోతుంది. సిమ్‌కార్డుతో తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతానో, ఎప్పుడో వలస పనికి వెళ్ళినప్పుడు తీసిన ఖాతానో అయి ఉండొచ్చు. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్‌కి ముడిపడ్డ ఖాతా) ఎక్కడ ఉందో చూడమనండి, రెండు నిమిషాల పని. పది ఉత్తరాల్లో ఏడెనిమిదింటికి కారణం ఇదే.

అక్కడా లేకపోతే సమాచార హక్కు కింద అడగండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మా డబ్బు ఏమైంది అని రాయకండి. ఫలానా పేరున, ఫలానా తేదీన జమ అయిన మొత్తం ఎంత, ఏ బ్యాంకు, ఖాతా చివరి నాలుగు అంకెలు ఏవి అని రాయండి.

ప్రశ్న: వరద బాధిత వ్యాపారులకి కేంద్రం లక్ష రూపాయలు ఇస్తోందని ఫోన్ వచ్చింది. 1,850 కడితే ఫైల్ కదులుతుందన్నారు. మా అబ్బాయి కట్టేశాడు. ఇప్పుడు ఇంకో 4,000 అడుగుతున్నారు.

కట్టొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేసి, డబ్బు పంపిన సమయం, యూపీఐ నంబరు చెప్పండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. వాళ్ళు ఏదైనా యాప్ వేసుకోమని పంపి ఉంటే ఆ ఫోన్లో నెట్ ఆపేసి, బ్యాంకుకి వెళ్ళి ఖాతాని కొన్నాళ్ళు లాక్ చేయించండి. అబ్బాయిని తిట్టకండి. మునిగిపోయిన కొట్టుని ఎలాగైనా నిలబెట్టాలన్న ఆత్రంలో చేసిన పని అది. వాడి చేతే 1930కి ఫోన్ చేయించండి, స్క్రీన్‌షాట్లు ఏవీ తీసేయొద్దని చెప్పండి.